ఎగిరే వాహనంలో ఆఫీసుకు: అపోహలు - వాస్తవాలు

పొలాల్లో మందు చల్లే డ్రోన్ల మోటార్లు, బ్యాటరీలు పరీక్షించడం నా పని. ఒక్క మనిషి కూర్చుని ఎగిరే విద్యుత్ వాహనాల వీడియోలు ఫోన్లలో తిరగడం మొదలైనప్పటి నుంచి తెలిసినవాళ్లందరూ ఒకే మాట అడుగుతున్నారు: "మియాపూర్ నుంచి గచ్చిబౌలికి ఇందులో వెళ్లిపోవచ్చు కదా?" ఈ వాహనాలంటే నాకు ప్రాణం. తొందరపాటుతో ఎవరి ప్రాణమూ పోకూడదనే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎనిమిది మోటార్లున్నాయి కాబట్టి పడిపోదు.

సగమే నిజం. నాలుగు మోటార్ల డ్రోన్‌లో ఒకటి ఆగితే అది తలకిందులవుతుంది. నాలుగు పక్కలా చాచిన ఒక్కో చేతికి పైనొకటి, కిందొకటి చొప్పున ఎనిమిది బిగిస్తే ఒకటి ఆగినా మిగతావి సర్దుకుని దింపగలవు. స్వీడన్‌లో మొదలైన జెట్సన్ సంస్థ తయారుచేసే, ఒక్కరే ఎక్కే జెట్సన్ వన్ వాహనం నిర్మాణం ఇలాంటిదే. అయితే మోటార్లు ఎనిమిదైనా వాటిని నడిపించే సాఫ్ట్‌వేర్ ఒకటే, వాటన్నిటికీ తగిలే ఎండ, వాన ఒకటే. అన్నీ ఒకేసారి దెబ్బతినే సందర్భంలో ఎనిమిదనే అంకె ఆదుకోదు.

హెలికాప్టర్‌తో పోల్చి చూడండి. ఇంజిన్ ఆగిపోయినా, కిందికి దిగుతున్నప్పుడు ఎదురొచ్చే గాలికి దాని పెద్ద రెక్కలు తిరుగుతూనే ఉంటాయి. శిక్షణ పొందిన పైలట్ ఆ ఊపుతోనే నేలకు దింపుతాడు. వాలు మార్చే వీల్లేకుండా బిగించిన ఈ వాహనాల చిన్న చిన్న రెక్కలకు ఆ గుణం లేదు. కరెంటు పోతే రాయిలా పడడమే.

"పారాచూట్ ఉందిగా" అంటారు. రాకెట్‌తో తెరుచుకునే పారాచూట్ నిజంగా మంచి ఏర్పాటు. కానీ అది విచ్చుకోవడానికి కొంత ఎత్తు కావాలి. మూడంతస్తుల ఎత్తు నుంచి పడితే మనిషి బతకకపోవచ్చు, పారాచూట్ విచ్చుకునేంత వ్యవధీ ఉండకపోవచ్చు. ఎగిరిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ ఆ ఎత్తును దాటాల్సిందే.

అపోహ: 20 నిమిషాల చార్జి ఊరిలో తిరగడానికి చాలు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. జెట్సన్ వన్ సుమారు 20 నిమిషాలు ఎగురుతుందని తయారీదారులే చెబుతారు. అమెరికా నిబంధనల ప్రకారం పగటిపూట కంటిచూపు మీద నడిపే హెలికాప్టర్ గమ్యం చేరాక కూడా మరో 20 నిమిషాలకు సరిపడా ఇంధనం మిగిలేలా చూసుకుని బయలుదేరాలి. అంటే హెలికాప్టర్ ముట్టుకోకుండా దాచుకునే నిల్వ ఎంతో, ఈ వాహనం మొత్తం ప్రయాణం అంత.

పైగా ఆ 20 నిమిషాలూ ఒక్క తీరున ఉండవు. గాలిలో నిలబడడానికి పట్టే శక్తి బరువుతో పాటు సమానంగా పెరగదు. అవే రెక్కల మీద బరువు రెట్టింపైతే శక్తి దాదాపు 2.8 రెట్లు కావాలి. సన్నటి మనిషితో కొలిచిన అంకె ల్యాప్‌టాప్ సంచి తగిలించుకున్న బరువైన మనిషికి వర్తించదు.

గుంటూరు జిల్లాలో ఒక మిర్చి చేను దగ్గర నా కళ్లెదుట జరిగింది చెబుతాను. వేసవి మధ్యాహ్నం. మందుతో కలిపి పాతిక కిలోల లోపు డ్రోన్. గాలి పెరగడంతో ట్యాంకు సగం ఉండగానే వెనక్కి రప్పించాం. తెర మీద చార్జి 30 శాతం చూపిస్తోంది. గట్టు దగ్గరికి వచ్చి దిగబోతూ నిలదొక్కుకోవడానికి మోటార్లు ఒక్కసారిగా కరెంటు లాగాయి. పాతబడిన బ్యాటరీలో ఒక సెల్ వోల్టేజి ఉన్నట్టుండి జారిపోయింది. మోటార్ల మోత మారడం నా చెవికి తెలిసింది, అంతలోనే రెండు నిలువుల ఎత్తు నుంచి కూలింది. కాళ్లు విరిగాయి, ట్యాంకు పగిలింది. బ్యాటరీ తీసి చూస్తే చెయ్యి పెట్టలేనంత వేడి. తెర మీద అంకె అబద్ధం చెప్పలేదు. ఎంత మిగిలిందో చెప్పింది, దాన్ని ఎంత వేగంగా ఇవ్వగలదో చెప్పలేదు. బ్యాటరీ బలహీనంగా ఉండేది ప్రయాణం చివర్లో. దిగడానికి గట్టి శక్తి కావాల్సిందీ అప్పుడే.

ఎండ సంగతి వేరే చెప్పాలి. మే నెలలో హైదరాబాద్‌లో 43 డిగ్రీలున్నప్పుడు గాలి పలచబడి, అదే బరువును నిలపడానికి సముద్రమట్టంలోని చల్లటి రోజు కంటే సుమారు 8 శాతం ఎక్కువ శక్తి కావాలి.

అపోహ: అమెరికాలో లైసెన్సే అక్కర్లేదు, అంటే అంత సురక్షితం.

కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామయ్యా, లైసెన్సు అక్కర్లేదట, కొనుక్కుని ఆఫీసుకు వెళ్తాను" అన్నాడు. లైసెన్సు అక్కర్లేదన్నది నిజమే. 1982 నుంచి అక్కడ అమల్లో ఉన్న పార్ట్ 103 నిబంధన ఆ వెసులుబాటు ఇచ్చింది. మిగతా షరతులు కూడా చదవమన్నాను. ఖాళీ బరువు సుమారు 115 కిలోలు దాటకూడదు. ఒక్కరే ఎక్కాలి. వినోదానికీ క్రీడకూ మాత్రమే వాడాలి. ఇళ్లు దట్టంగా ఉన్నచోట, జనం గుమిగూడినచోట పైన ఎగరకూడదు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకానే అనుమతి. మెరిసే దీపం ఉంటే అటూ ఇటూ మరో అరగంట. డిసెంబరులో వాడుండే చోట సాయంత్రం ఐదు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. ఆఫీసు వదిలేది ఆరింటికి.

తప్పు జరిగినా నష్టం నడిపేవాడికే పరిమితం కావాలన్న ఆలోచనతోనే లైసెన్సు మినహాయించారు. ఊరి మీద ఎగిరితే ఆ లెక్కే తప్పుతుంది. మన దేశంలోనైతే మైక్రోలైట్ అనే తేలికపాటి చిన్న విమానం నడపడానికి కూడా లైసెన్సు కావాలి.

అపోహ: ఆకాశంలో ట్రాఫిక్ ఉండదు.

హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమాన స్థావరాలున్నాయి. కింద కరెంటు తీగలు, టవర్లు. సంక్రాంతికి మాంజా దారం, అది రెక్కకు చుట్టుకుంటే విప్పడమే గగనం. ఇక దిగేదెక్కడ? అపార్ట్‌మెంట్ డాబా నిండా నీళ్ల ట్యాంకులు, కేబుళ్లే.

అపోహ: ఇదంతా ఉత్త ప్రచారం, ఎప్పటికీ రాదు.

ఇదీ సరికాదు. చైనాలో గ్వాంగ్‌జౌకు చెందిన ఈహాంగ్ సంస్థ 16 రెక్కల, రెండు సీట్ల, పైలట్ లేని వాహనానికి 2023 అక్టోబరులో ఆ దేశ విమానయాన శాఖ నుంచి టైప్ సర్టిఫికెట్, అంటే ఆ నమూనా భద్రతా ప్రమాణాలకు తగినట్టుందన్న ధ్రువీకరణ, వచ్చింది. చెన్నైలో ఐఐటీ మద్రాసులో పుట్టిన ఈప్లేన్ సంస్థ కూడా ఎయిర్ ట్యాక్సీ కోసం కృషి చేస్తోంది. ఇవేవీ మీ గ్యారేజీలో పెట్టుకునే రకం కాదని గమనించండి. నిర్ణీత మార్గం, నిర్ణీత స్థలం, ప్రతిసారీ బ్యాటరీని పరీక్షించే సిబ్బంది ఉండే సేవలుగా వీటిని ఊహించుకోవాలి. నాకు నమ్మకం ఉన్నది ఆ దారి మీదే. సొంత వాహనం మాత్రం ఖాళీ మైదానం మీద, ఆదివారం ఉదయం చల్లటి పూట ఎగరడానికి అద్భుతంగా ఉంటుంది.

అయినా కొనాలనిపిస్తే అమ్మేవాళ్లను ఒకటి అడగండి: "ఆ 20 నిమిషాలు ఎన్ని కిలోల మనిషితో, ఎంత ఎండలో, ఎన్నిసార్లు చార్జి చేసిన బ్యాటరీతో, దిగేసరికి ఎంత మిగిలి ఉండగా కొలిచారు?" నాలుగింటికీ కాగితం మీద అంకెలు ఇవ్వమనండి.