గాలి కోసం కొండ, కొండ కోసం గొడవ

పోయిన శీతాకాలం ఒడిశా రాయగడలో మా డాబా మీద చిన్న టెలిస్కోపు పెట్టి మా మేనకోడలికి గురుగ్రహం చూపించాను. కాసేపు కన్ను ఆనించి చూసి, "మావయ్యా, ఇది నీళ్లలో పడ్డ రూపాయి బిళ్లలాగ కదిలిపోతోందేంటి?" అంది. టెలిస్కోపు బాగానే ఉంది, కదిలేది గాలి. పగలంతా కాగిన సిమెంటు డాబాలు, రేకుల ఇళ్లు చీకటి పడ్డాక వేడిని వదులుతాయి. ఆ వేడిగాలీ చల్లగాలీ కలిసిన చోట వెలుతురు వంకర్లు పోతుంది. మే నెల మధ్యాహ్నం రాయగడ స్టేషన్లో ప్లాట్‌ఫాం చివర నిలబడితే పట్టాలు అలల్లా ఊగుతూ కనపడేదీ ఇందుకే.

హవాయి దీవుల్లో మౌనా కియా కొండ మీద కట్టాల్సిన థర్టీ మీటర్ టెలిస్కోపు పదేళ్లు దాటినా లేవలేదు. ఆ కథ కూడా ఈ గాలి దగ్గరే మొదలవుతుంది. అందులో మనకూ వాటా ఉంది. 2014లో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. ఆ టెలిస్కోపు అద్దం 492 ముక్కల కూర్పు. వాటిలో కొన్నింటిని బెంగళూరు దగ్గర హోస్కోటేలో మెరుగుపెట్టాలన్నది ఏర్పాటు.

మనం ఏ గాలిలోంచి చుక్కల్ని చూస్తామో అది ఎప్పుడూ వణుకుతూనే ఉంటుందని, దీనికి మందు ఎత్తైన కొండల మీది నిలకడ గాలేనని న్యూటన్ 1704లోనే రాశాడు. ఎంత పెద్ద అద్దం పెట్టినా ఈ వణుకు పోదు. సరిదిద్దకపోతే 10 మీటర్ల టెలిస్కోపు కూడా మామూలు వెలుతురులో మా డాబా మీది గొట్టం కంటే పెద్ద స్పష్టంగా చూపించదు. వెలుగు మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువ పోగుచేస్తుంది, అంతే.

1953లో అమెరికా శాస్త్రవేత్త హొరేస్ బాబ్‌కాక్ ఒక ఉపాయం చెప్పాడు. గాలి వెలుతురుని ఎలా వంచిందో అప్పటికప్పుడు కొలిచి, దానికి సరిగ్గా ఎదురుగా అద్దాన్ని వంచితే బొమ్మ నిలబడుతుందన్నాడు. ఆలోచన మంచిదే, చేసే సాధనాలు అప్పట్లో లేవు. సెకనుకి వందలసార్లు కొలవాలి, అన్నిసార్లూ అద్దాన్ని వెంట్రుక మందం కంటే తక్కువ కదపాలి. సోవియట్ ఉపగ్రహాలను నేల మీంచి ఫొటో తియ్యాలని అమెరికా సైన్యం ఈ పని చేపట్టింది. వెలుతురు కొలవడానికి దగ్గర్లో మంచి చుక్క లేకపోతే లేజరుతో మనమే ఒక చుక్కను పుట్టించొచ్చన్న ఆలోచన 1982లో ఆ రహస్య పరిశోధనలోనే వచ్చింది. ఉల్కలు కాలిపోగా మిగిలిన సోడియం పొర 90 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. దాన్ని లేజరు తాకితే మన పాత వీధి దీపాల పసుపు రంగులో వెలుగుతుంది. 1985లో ఫ్రాన్సుకి చెందిన ఫోయ్, లాబెయ్రీ ఇదే ఆలోచనను సొంతంగా అచ్చువేశారు. అమెరికా 1991లో గానీ రహస్యం విప్పలేదు. అన్నేళ్లు ఆ విద్య బీరువాలో మూలిగిందే అని ఇప్పటికీ బాధేస్తుంది.

ఈలోగా 1989లో ఫ్రాన్సులోని ఓత్-ప్రోవాన్స్ అబ్జర్వేటరీలో, 19 చోట్ల వంగే చిన్న అద్దంతో, అడాప్టివ్ ఆప్టిక్స్ అని పిలిచే ఈ అద్దం వంచే పద్ధతి ఖగోళశాస్త్రానికి మొదటిసారి పనికొచ్చింది. అదీ ఇన్‌ఫ్రారెడ్‌లోనే, అంటే కంటికి కనపడని పరారుణ కాంతిలోనే. పరారుణ కాంతి అలల పొడవు ఎక్కువ కాబట్టి గాలి చేసే వంకర దానికి చిన్నదిగా లెక్క. అద్దాన్ని తక్కువ చోట్ల, కాస్త నెమ్మదిగా సరిచేసినా బొమ్మ నిలుస్తుంది. పైగా కంటికి కనపడే వెలుతురు ఆగిపోయే దుమ్ము మేఘాల్లోంచి కూడా అది దూసుకొస్తుంది. మన పాలపుంత నడిబొడ్డున, 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో, ఎస్2 అనే నక్షత్రం 16 ఏళ్లకోసారి ఏమీ కనపడని ఒక చోటు చుట్టూ తిరిగొస్తుంది. దాన్ని ఏళ్ల తరబడి వెంబడించిన రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్ అక్కడ 40 లక్షల సూర్యుళ్ల బరువున్నది దాక్కుని ఉందని తేల్చారు. 2020 నోబెల్‌లో వాళ్లకు వాటా దక్కింది. గెజ్ బృందం వాడిన కెక్ టెలిస్కోపులు మౌనా కియా మీదే ఉన్నాయి.

గాలి వణుకుని అద్దం దిద్దేస్తుంటే ఇంకా కొండెందుకు అనిపిస్తుంది. కథకి కీలకం ఇక్కడే ఉంది. వంకరపోయిన వెలుతురుని అద్దం సరిచెయ్యగలదు గానీ, గాలిలోని తేమ మింగేసిన పరారుణ కాంతిని వెనక్కి తేలేదు. అందుకని పొడిగాలి కావాలి. 4,205 మీటర్ల ఎత్తున మౌనా కియా శిఖరం చాలా రోజులు మబ్బులకు పైనే ఉంటుంది. ఇంకో చిక్కు, వేడిగా ఉన్న ప్రతి వస్తువూ, టెలిస్కోపు అద్దంతో సహా, పరారుణంలో వెలుగుతుంది. చుక్కను చూడబోతే మన పరికరమే కంట్లో దీపంలా అడ్డొస్తుంది. థర్టీ మీటర్ టెలిస్కోపుకి అనుకున్న అడాప్టివ్ ఆప్టిక్స్ పరికరాన్ని మైనస్ 30 డిగ్రీల చలిలో ఉంచేలా రూపొందించింది అందుకే.

ఆ కొండని హవాయి విశ్వవిద్యాలయానికి 1968లో 65 ఏళ్ల లీజుకిచ్చారు. ఒక్కొక్కటిగా శిఖరం మీద 13 టెలిస్కోపులు లేచాయి. అది మంచు దేవత పోలీఅహు ఉండే చోటు, హవాయి మూలవాసులకు వాళ్ల పూర్వీకులతో సమానం. 2014 అక్టోబరులో థర్టీ మీటర్ టెలిస్కోపు శంకుస్థాపనని వాళ్లు అడ్డుకున్నారు. 2015 డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టు అనుమతిని కొట్టేసింది, అభ్యంతరాలు వినకముందే అనుమతి ఇచ్చేశారన్న కారణంతో. 2018లో కొత్త అనుమతి నిలబడింది గానీ, 2019 జులైలో కొండ దారికి అడ్డంగా ముసలివాళ్లు కుర్చీలేసుకుని కూర్చున్నారు. 30 మందికి పైగా అరెస్టయ్యారు. పని మొదలవలేదు.

రాయగడలో ఉండేవాళ్లకి ఇది దూరపు వార్త కాదు. బుధవారం చాటికోన సంతలో పసుపు, అల్లం, పైనాపిల్ తెచ్చి అమ్మే డొంగ్రియా కోందు గిరిజనులకు నియమగిరి వాళ్ల దేవుడు నియమ్‌రాజా కొండ. బాక్సైట్ గనుల సంగతి వాళ్లనే అడగమని 2013లో మన సుప్రీంకోర్టు చెప్పింది. 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. టెలిస్కోపు గని కాదు, అది కొండని తవ్వి తీసుకుపోదు. ఆ తేడా నాకు తెలుసు, ఆ టెలిస్కోపు లేవాలనే ఇప్పటికీ నా కోరిక. కానీ ముందు అడగడం, తర్వాత చెప్పడం ఒకటి కాదని ఈ జిల్లాలో పెరిగినవాడిగా గట్టిగా అనుకుంటాను. లద్దాఖ్‌లోని హాన్లేలో 2022లో చీకటి ఆకాశాన్ని కాపాడే ప్రాంతాన్ని ప్రకటించినప్పుడు, వచ్చినవాళ్లకి చుక్కలు చూపించే పని ఆ ఊళ్లవాళ్లకే నేర్పించి అప్పగించారు. అలా కూడా చెయ్యొచ్చు.

2025లో సైన్సుకి నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ తన బడ్జెట్ ప్రతిపాదనలో థర్టీ మీటర్ టెలిస్కోపుని ముందుకు తీసుకెళ్లలేదు. మౌనా కియా లీజు 2033తో తీరిపోతుంది. కొండ బాధ్యత చూడటానికి హవాయి 2022లో చట్టం చేసి కొత్త సంస్థను పెట్టింది. దాని బోర్డులో టెలిస్కోపుల వాళ్లతోపాటు, ఆ కొండతో వంశపారంపర్యంగా సంబంధం ఉన్నవాళ్లకూ, అక్కడి ఆచారాలు పాటించేవాళ్లకూ కుర్చీలున్నాయి.