పలుగురాయి గొడవలోకి ఆప్టికల్ ఫైబర్ ఎలా వచ్చింది

నెల్లూరు వైపు సైదాపురం, గూడూరు చుట్టుపక్కల పలుగురాయి, అంటే క్వార్ట్జ్, గనుల మీద రగడ లేచిన ప్రతిసారీ ఒక వాదన ముందుకొస్తోంది. ‘ఆప్టికల్ ఫైబర్ చేసే రాయిని టన్నుల లెక్కన ఓడ ఎక్కించి చైనాకు పంపుతున్నాం, ఆ ఫైబర్‌నే మళ్లీ డబ్బు పోసి కొంటున్నాం’ అని. లీజులు, పర్మిట్లు, రాయల్టీ సంగతులు పాఠకులకు కొత్త కాదు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వార్ట్జ్‌ను, దానితో పాటు అబ్రకం, ఫెల్‌స్పార్, బెరైటీస్‌లను చిన్న ఖనిజాల జాబితా నుంచి తప్పించి పెద్ద ఖనిజాల్లో చేర్చింది. అక్రమ తవ్వకాలు ఎంత మేర జరిగాయన్నది విచారణలు తేల్చాలి. ఫైబర్ మాట మాత్రం తేలిపోయి 50 ఏళ్లు దాటింది. ఫైబర్ అంటే ఫోన్, ఇంటర్నెట్ సంకేతాలను వెలుగు రూపంలో మోసే సన్నటి గాజు తీగ. అందులో వెలుగు నడిచే గాజును పలుగురాయి కరిగించి చేయరు. సిలికాన్ ఉన్న రసాయన ఆవిరి నుంచి చేస్తారు.

ఈ తేడా దగ్గరే ఒకప్పుడు రెండు దారులు చీలాయి. ఇంగ్లండ్‌లోని హార్లో ప్రయోగశాలలో చార్లెస్ కావో, జార్జ్ హాక్‌హామ్ 1966లో తమ పత్రం ప్రచురించే నాటికి మంచి గాజులో కూడా వెలుగు నష్టం కిలోమీటరుకు 1,000 డెసిబెళ్ల దాకా ఉండేది. అంటే 20 మీటర్లు దాటేసరికి బయల్దేరిన వెలుగులో నూరో వంతే మిగులుతుంది. అదే నూరో వంతు కిలోమీటరు దూరాన మిగిలితే, అంటే నష్టం 20 డెసిబెళ్లకు దిగితే, ఫోన్ లైన్లకు గాజు పనికొస్తుందని వారు లెక్క కట్టారు. గాజు స్వభావంలో అడ్డంకి లేదు, అందులో కలిసిన ఇనుము, రాగి వంటి లోహాలే వెలుగును మింగుతున్నాయి అన్నది వారి వాదన.

అయితే ఆ మలినాలను తీయడం ఎలా? చాలా ప్రయోగశాలలు సహజంగా తోచిన దారే పట్టాయి. ముడి సరుకును ఇంకా శుద్ధి చేద్దాం అనుకున్నాయి. బ్రిటిష్ పోస్టాఫీసు పరిశోధకులు సోడియం బోరోసిలికేట్ గాజును ఎంచుకున్నారు. అది తక్కువ వేడికే కరుగుతుంది. ఒకదానిలో ఒకటి అమర్చిన రెండు మూసల్లో రెండు రకాల గాజు కరిగించి, అడుగు రంధ్రం గుండా కలిపి తీగ లాగేవారు. ఈ పద్ధతితో నష్టాన్ని చివరికి కొద్ది డెసిబెళ్ల దాకా దించారు కూడా. కానీ ప్రతి కిలో సోడాలో, ప్రతి కిలో బోరిక్ ఆమ్లంలో, మూస గోడలో, కొలిమి దుమ్ములో మళ్లీ ఇనుము ఉంటుంది. పది లక్షల్లో ఒక వంతు ఇనుము చాలు, కిలోమీటరు దూరంలో లెక్క తారుమారు కావడానికి. కావాల్సిన శుద్ధి నూరు కోట్లలో ఒకటి, రెండు వంతుల స్థాయిలో ఉంటుంది. గనిలోంచి తీసిన పదార్థాన్ని దంచి, కడిగి, ఆమ్లంలో నానబెట్టి ఆ మెట్టు చేరడం సాధ్యపడలేదు.

అమెరికాలో కార్నింగ్ కంపెనీ రెండో దారిలో వెళ్లింది. దాని మూలం 1930ల నాటిది. అక్కడి రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్లిన్ హైడ్ సిలికాన్ టెట్రాక్లోరైడ్ ఆవిరిని మంటలోకి పంపితే స్వచ్ఛమైన సిలికా గాజు ఏర్పడుతుందని 1934లో కనిపెట్టారు. రాబర్ట్ మౌరర్, డొనాల్డ్ కెక్, పీటర్ షుల్ట్జ్ బృందం ఆ పాత పద్ధతినే ఫైబర్‌కు తెచ్చింది. 1970లో టైటానియం కలిపిన కోర్‌తో (ఫైబర్‌లో వెలుగు నడిచే నడిమి భాగం) నష్టం 17 డెసిబెళ్లకు పడింది. ఆ ఫైబర్‌ను నష్టం తగ్గేలా మళ్లీ వేడి చేయాల్సి వచ్చేది, దాంతో అది పెళుసెక్కేది. 1972లో టైటానియం బదులు జెర్మేనియం వాడారు. వేడి చేసే పని తప్పింది, నష్టం 4 డెసిబెళ్లకు దిగింది. పలుగురాయి వాదనకు జవాబు ఈ రెండేళ్లలోనే ఉంది.

ఆవిరి ఎందుకు గెలిచిందో చూడాలంటే మరిగే ఉష్ణోగ్రతలు చూస్తే చాలు. సిలికాన్ టెట్రాక్లోరైడ్ నీళ్లలా పారే ద్రవం, సుమారు 58 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. జెర్మేనియం క్లోరైడ్ 84 దగ్గర. ఇనుము క్లోరైడ్ ఆవిరి కావాలంటే 300 డిగ్రీలు దాటాలి. కాబట్టి సిలికాన్ టెట్రాక్లోరైడ్‌ను గోరువెచ్చగా ఉంచి అందులోంచి ఆక్సిజన్ బుడగలు పంపితే, ఆ వాయువు సిలికాన్‌ను మోసుకుని పైకి వస్తుంది, ఇనుము అడుగునే ఉండిపోతుంది. రాయిలోంచి ఇనుమును పీకాల్సిన పని లేదు. దాన్ని వెనక వదిలేసి రావడమే. ముందే స్వేదనం చేసి, అంటే మరిగించి ఆ ఆవిరిని చల్లార్చి, శుద్ధి చేసిన ద్రవం రెండోసారి ఈ విధంగా తనంతట తానే వడకట్టుకుంటుంది.

ఈ ద్రవంలో ఇబ్బంది పెట్టేది లోహం కాదు, హైడ్రోజన్. సిలికాన్ టెట్రాక్లోరైడ్‌లో ట్రైక్లోరోసిలేన్ కొద్దిగా కలిసి ఉంటుంది. దాని అణువులో ఉన్న ఒక్క హైడ్రోజన్ గాజులోకి చేరి హైడ్రాక్సిల్‌గా, వాడుక మాటలో చెప్పాలంటే తేమగా, స్థిరపడుతుంది. అతినీల లోహిత కాంతి కింద క్లోరిన్ పంపి ఆ హైడ్రోజన్‌ను తప్పిస్తారు. పది లక్షల్లో ఒక వంతు హైడ్రాక్సిల్ మిగిలినా 1,383 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగు దగ్గర కిలోమీటరుకు 50 డెసిబెళ్ల చుట్టుపక్కల నష్టం వస్తుంది. నేటి మామూలు సింగిల్ మోడ్ ఫైబర్‌లో (టెలికాం లైన్లకు వాడే రకం) అదే చోట నష్టం అర డెసిబెల్ లోపే ఉండాలి.

మంటలో పుట్టిన సిలికా మొదట గాజులా ఉండదు. మైక్రాన్‌లో పదో వంతు పరిమాణం ఉన్న రేణువులు తెల్ల మసిలా తిరుగుతున్న కడ్డీ మీద పేరుకుంటాయి. ముట్టుకుంటే సుద్దలా రాలుతుంది. దీన్ని మరో కొలిమిలోకి దించి, హీలియంలో కొద్ది శాతం క్లోరిన్ కలిపి, 1,000 నుంచి 1,200 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు. రంధ్రాల్లోకి దూరిన క్లోరిన్ తేమను లాక్కుపోతుంది. ఆ తర్వాతే 1,500 డిగ్రీల చుట్టుపక్కలకు తీసుకెళ్లి గాజుగా బిగిస్తారు. మసి మరీ వదులుగా పేరుకుంటే కడ్డీ పగులుతుంది, మరీ గట్టిగా పేరుకుంటే క్లోరిన్ లోపలికి వెళ్లదు. తేమ పూర్తిగా పోకముందే వేడి పెంచితే పైపొర మూసుకుపోయి తేమ లోపలే చిక్కుతుంది. అలాంటి కడ్డీకి మరమ్మతు లేదు. హీలియం ఎందుకంటే దాని పరమాణువు మరీ చిన్నది, మూసుకుపోతున్న గాజులోంచి కూడా జారుకుంటుంది. నైట్రోజన్, ఆర్గాన్ అయితే బుడగలై మిగులుతాయి. హీలియం కొరత వచ్చినప్పుడల్లా ఫైబర్ కంపెనీలు కంగారుపడడానికి ఇదొక కారణం. పలుగురాయి దొరకలేదని ఏ ఫైబర్ ప్లాంటూ కంగారుపడదు.

మిగిలిన పద్ధతులూ ఈ కుదురులోంచి వచ్చినవే. 1974లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ మాక్‌చెస్నీ బృందం మంటను బయట ఉంచి, తిరుగుతున్న సిలికా గొట్టం లోపలికి ఆవిరిని పంపింది. బర్నర్ నీటి ఆవిరి గాజును తాకదు కాబట్టి తేమ సమస్య తగ్గింది. కోల్‌కతాలోని సెంట్రల్ గ్లాస్ అండ్ సిరామిక్ పరిశోధన సంస్థలో ఈ పద్ధతితో ప్రత్యేక ఫైబర్లు చేస్తున్నారు. 1977లో జపాన్‌లో ఇజావా బృందం మసిని కడ్డీ కొస నుంచి కిందికి పెంచే పద్ధతి తెచ్చింది. ఫిలిప్స్ మంట బదులు ప్లాస్మా వాడింది.

బెల్ ల్యాబ్స్ గొట్టం దగ్గరే రాయికి కొన్నాళ్లు చోటు దొరికింది, ఇది కూడా చెప్పాలి. తొలి గొట్టాలను సహజ క్వార్ట్జ్‌ను కరిగించే చేసేవారు. గొట్టం గోడలోని తేమ నెమ్మదిగా కోర్ వైపు చొచ్చుకొచ్చేది. గోడలో చిక్కిన చిన్న బుడగ, కరగని రేణువు ఫైబర్ ఉపరితలం మీద బలహీన బిందువుగా తేలి, సాగదీత పరీక్షలో తెగేది. టెలికాం ఫైబర్‌లో ఆ గొట్టాల స్థానాన్ని కూడా ఆవిరితో చేసిన సింథటిక్ గొట్టాలు, మసి పొరలు ఆక్రమించాయి.

ఇక పరిమాణం. దీన్ని వాదనకు దిగినవారు లెక్క వేసినట్టు లేరు. ఫైబర్ మందం 125 మైక్రాన్లు, గాజు సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.2 గ్రాములు. కిలోమీటరు ఫైబర్‌లో ఉండే గాజు 27 గ్రాములు. వీధి స్తంభాల మీద వెళ్లే 24 పోగుల కేబుల్ కిలోమీటరు పొడవు తీసుకున్నా అందులో గాజు 650 గ్రాములు దాటదు, మిగతా బరువంతా ప్లాస్టిక్, జెల్, బలం కోసం వేసిన నారలదే. పది టన్నుల గాజుతో 3 లక్షల 70 వేల కిలోమీటర్ల ఫైబర్ లాగవచ్చు. ప్రపంచమంతా ఏడాదికి వాడే ఫైబర్ సుమారు 50 కోట్ల కిలోమీటర్లు అనుకున్నా గాజు 13,500 టన్నులే.

ఆ గాజులోని సిలికాన్ కూడా మొదట రాయిదే కదా అనవచ్చు. నిజమే. క్వార్ట్జ్ రాళ్లను బొగ్గుతో కలిపి విద్యుత్ కొలిమిలో కాల్చి సిలికాన్ లోహం తీస్తారు, దాన్ని క్లోరిన్‌తో కలిపితే టెట్రాక్లోరైడ్ వస్తుంది. సోలార్ పలకల పాలీసిలికాన్ ఫ్యాక్టరీల నుంచి అదే పక్క సరుకుగానూ వస్తుంది. అయితే ఆ కొలిమికి మామూలు మంచి క్వార్ట్జ్ చాలు. అసలు శుద్ధి జరిగేది క్లోరైడ్‌ను స్వేదనం చేసేటప్పుడు. సైదాపురం రాయికి ఇక్కడ ప్రత్యేకమైన గిరాకీ లేదు.

అత్యంత శుద్ధమైన రాయి నిజంగా అవసరమయ్యేది మరోచోట: చిప్‌లు, సోలార్ సెల్స్ కోసం సిలికాన్ కరిగించే క్వార్ట్జ్ మూసలకు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను అమెరికాలోని స్ప్రూస్ పైన్ గనులను ముంచినప్పుడు చిప్ పరిశ్రమ ఉలిక్కిపడింది ఇందుకే. అదీ అబ్రకం, ఫెల్‌స్పార్ దొరికే పెగ్మటైట్ (పెద్ద స్ఫటికాలుండే శిల) నేలే, గూడూరు అబ్రకం గనుల మాదిరే. పోలిక ఇక్కడితో ఆగుతుంది. రేణువు ఉపరితలం మీది ఇనుము ఆమ్లంతో పోతుంది. స్ఫటికం లోపల సిలికాన్ స్థానంలో కూర్చున్న టైటానియం, అల్యూమినియం, ఆ అల్యూమినియం వెంట వచ్చే లిథియం ఏ ఆమ్లానికీ లొంగవు. రాయికి పాల తెలుపు ఇచ్చేది లోపల చిక్కిన సూక్ష్మ ద్రవ బుడగలు, కరిగించినప్పుడు అవే మూస గోడలో గాలి బుడగలవుతాయి. బేరం దగ్గర మెచ్చుకునే ఆ తెలుపు మూస పనికి లోపమే కావచ్చు.

గనుల వైపు వాదన కూడా ఉంది. అబ్రకం గనుల పక్కన గుట్టలుగా పడి ఉన్న రాయికి కొనేవారు దొరికారు, అమ్ముకుంటే తప్పేమిటని వారు అడుగుతారు. పర్మిట్ ఉన్నంత వరకు ఆ ప్రశ్నలో తప్పు లేదు.

కానీ ఫైబర్‌లో మన వెనకబాటును రాయి ఖాతాలో వేయడం వల్ల అసలు లోటు కనబడకుండా పోతోంది. ఆ లోటు ప్రీఫార్మ్, అంటే తీగ లాగడానికి ముందుండే గాజు కడ్డీ. 150 మిల్లీమీటర్ల మందం, మీటరు పొడవున్న కడ్డీ 39 కిలోలు తూగుతుంది, దాన్నుంచి 1,400 కిలోమీటర్లకు పైగా ఫైబర్ వస్తుంది. ఛత్రపతి శంభాజీనగర్‌లో స్టెరిలైట్ టెక్నాలజీస్ కడ్డీ నుంచే సొంతంగా చేస్తోంది. కడ్డీ బయట కొని, టవర్ మీద 2,000 డిగ్రీల కొలిమిలో తీగ లాగి, పూత పూసి అమ్మే ప్లాంట్లు కూడా ఉన్నాయి. 2023లో చైనా, ఇండొనేషియా, కొరియాల సింగిల్ మోడ్ ఫైబర్ మీద మన ప్రభుత్వం వేసిన యాంటీ డంపింగ్ సుంకం లాగిన తీగకు రక్షణ. కడ్డీ చేసే నేర్పును అది తెచ్చిపెట్టదు. 2023 ఆగస్టు నుంచి జెర్మేనియం ఎగుమతుల మీద చైనా పెట్టిన ఆంక్షలు కూడా తాకేది కడ్డీ దశనే. కోర్ ఫైబర్ అడ్డుకోతలో నూటికి అర వంతే, కానీ వెలుగు అందులోనే నిలవాలంటే ఆ అర వంతుకు జెర్మేనియం కావాలి. లేదంటే కోర్‌ను శుద్ధ సిలికాగా వదిలి చుట్టూ ఫ్లోరిన్ కలపాలి.

నెల్లూరులో ఫైబర్ ఫ్యాక్టరీ కావాలని అడిగేవారు అడగాల్సినవి వేరే ఉన్నాయి: టెట్రాక్లోరైడ్ సరఫరా, క్లోరిన్, హీలియం, ఆగని కరెంటు. కిలో గాజుకు రెండున్నర కిలోల చొప్పున వెలువడే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని పట్టి శుద్ధి చేసే స్క్రబ్బర్లు కూడా ఆ లెక్కలోవే. సైదాపురం రాయిని మూసల కోసం ఎక్కువ ధరకు అమ్మాలనుకునేవారు అల్యూమినియం, టైటానియం, లిథియం పది లక్షల్లో ఎన్ని వంతులో చెప్పే ల్యాబ్ నివేదిక ముందు పెట్టాలి. సిలికా 99.9 శాతం, ఇనుము ఇంత అని రెండే అంకెలున్న కాగితం ఆ బేరానికి సరిపోదు.