బట్టలు ఆరేయడం, కరెంటు బిల్లు: అపోహలు - వాస్తవాలు

వాషింగ్ మెషీన్లు రిపేరు చేయడం నా పని. వానాకాలం వచ్చిందంటే వెళ్లిన ప్రతి ఇంట్లో ఈ మాటలే వింటుంటాను.

అపోహ: డ్రైయర్ తిప్పితే బిల్లు పెరుగుతుంది, చేత్తో పిండుకోవడమే మేలు.

వాస్తవం: సెమీ ఆటోమేటిక్‌లో పక్కనుండే డ్రైయర్ టబ్‌కి హీటరే ఉండదు. బట్టల్ని వేగంగా తిప్పి నీళ్లు బయటికి నెట్టడమే దాని పని. ఐదు నిమిషాల స్పిన్‌కి యూనిట్‌లో పదో వంతు కూడా కాలదు. బిల్లు పెంచేది వేడి గాలితో ఆరబెట్టే టంబుల్ డ్రైయర్. లీటరు నీళ్లు ఆవిరి కావాలంటే సుమారు 0.65 యూనిట్ల వేడి కావాలి. స్పిన్ అయ్యాక కూడా 6 కిలోల కాటన్ బట్టల్లో దాదాపు మూడు లీటర్ల నీళ్లుంటాయి. ఇక లెక్క మీరే వేసుకోండి. వేడిని బయటికి వదలకుండా మళ్లీ వాడుకునే హీట్ పంప్ డ్రైయర్‌కి ఇందులో సగం కరెంటు చాలు గానీ, మెషీన్ ధర ఎక్కువ.

అందుకే ప్యాంట్లు, తువ్వాళ్లు, దుప్పట్లకు రెండోసారి స్పిన్ పెట్టమని అందరికీ చెబుతాను. దండెం మీద గంటలు కలిసొస్తాయి. పట్టుచీరలకు మాత్రం ఈ పని వద్దు.

అపోహ: ఎండ లేకపోతే బట్టలు ఆరవు.

వాస్తవం: ఎండకన్నా గాలి ముఖ్యం, ఆ గాలి పొడిగా ఉండటం ఇంకా ముఖ్యం. వేసవిలో అనంతపురంలో నీడన వేసిన చీర కూడా చకచకా ఆరుతుంది. విశాఖలో ముసురు పట్టినప్పుడు అదే చీర సాయంత్రానికీ చెమ్మగానే ఉంటుంది. బట్టకీ బట్టకీ జానెడు ఎడం ఉంచండి. జీన్స్‌ని తిరగేసి, జేబులు బయటికి లాగి, నడుము దగ్గర నోరు తెరుచుకునేలా క్లిప్పులు పెట్టండి. తిరగేస్తే రంగూ నిలుస్తుంది. వాన రోజుల్లో కిటికీ తీసి ఫ్యాన్ కింద ఆరేయండి. 75 వాట్ల ఫ్యాన్ ఆరు గంటలు తిరిగినా అర యూనిట్ దాటదు.

అపోహ: ఏసీ ఎలాగూ నడుస్తోంది, ఆ గదిలో ఆరేస్తే ఖర్చేముంది?

వాస్తవం: ఆ తడంతా ఏసీయే లాగాలి. కంప్రెసర్‌కి అంత పని పెరుగుతుంది.

అపోహ: బట్టలు ముక్కిన వాసన వస్తే సర్ఫ్ చాల్లేదని అర్థం.

వాస్తవం: బట్టలు ఎక్కువసేపు తడిగా ఉంటే బ్యాక్టీరియా పెరిగి ఆ వాసన వస్తుంది. పౌడర్ ఎక్కువేస్తే సరిగ్గా జాడించక బట్టల్లోనే మిగిలిపోయి సమస్య పెరుగుతుంది. రాత్రి ఉతికి పొద్దున తీద్దామని మెషీన్‌లో వదిలేయకండి.

అపోహ: కాస్త తడున్నా ఇస్త్రీ పెట్టెతో లాగించేయొచ్చు.

వాస్తవం: 1000 వాట్ల పెట్టెతో తడి ఆర్పడమంటే హీటర్‌తో ఆరబెట్టడమే. కొంచెం చెమ్మ ఉంటే ముడతలు తేలిగ్గా పోతాయి, అంతకు మించి తడి ఉంటే మళ్లీ దండెం మీద వేయండి.