వాల్తేరు కొండ, జయపురం లక్ష, 1930 నాటి రాజీనామా

ఆంధ్ర విశ్వవిద్యాలయం వందేళ్ళ సందర్భంలో కోరాపుట్ జిల్లా జయపురం తెలుగు ఇళ్ళలో పాత వాదన మళ్ళీ మొదలైంది. విశాఖ వాల్తేరులోని ఆ చదువుల కొండను నిలబెట్టింది తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డా, ఆయన తర్వాత వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణనా? ఒడిశాలో ఉన్నవాళ్ళకి ఈ గొడవ ఎందుకని అడగొచ్చు. ఆ కొండ మీదికి డబ్బు వెళ్ళింది ఈ ఊరి కోట నుంచే.

రాధాకృష్ణన్ వైపు వాళ్ళు చెప్పేది సూటిగా ఉంటుంది. రెడ్డిగారి తొలి హయాంలో అది ప్రధానంగా పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ. వాల్తేరులో సొంత తరగతులు మొదలైంది 1931లో, రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా వచ్చాకే. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయల విరాళానికి ఒప్పుకుంటే, సైన్స్ కాలేజీకి ఆయన పేరు పెట్టారు. ఇదంతా నిజమే.

అయితే రాధాకృష్ణన్ వచ్చేసరికి ఆ కుర్చీ ఎందుకు ఖాళీగా ఉంది? నా దృష్టిలో అసలు కథ అక్కడుంది.

1930. ఉప్పు సత్యాగ్రహం నడుస్తోంది. ఊళ్ళలో లాఠీ దెబ్బలు, అరెస్టులు. విశ్వవిద్యాలయానికి అప్పటికి నాలుగేళ్ళే. బెజవాడా, రాజమండ్రా, విశాఖా అన్న పేచీ ముగిసి వాల్తేరులో కాలు పెడుతున్న సమయం. కేంబ్రిడ్జిలో చదివి, మైసూరులో విద్యాశాఖ నడిపి వచ్చిన రెడ్డిగారికి చేతిలో పెద్ద పనే ఉంది. నోరు మూసుకుని కూర్చుంటే కట్టడాల శంకుస్థాపనలన్నీ ఆయన చేతుల మీదుగానే జరిగేవి. ఆయన మాత్రం ప్రభుత్వ దమనకాండకు నిరసనగా రాజీనామా చేసి బయటికి వచ్చేశారు. కట్టడాల లెక్కలో ఆయన వెనకబడ్డారంటే కారణం చేతగానితనం కాదు, ఈ రాజీనామా.

ఆయన మళ్ళీ వచ్చింది 1936లో, రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్ వెళ్ళాక. అదే ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. అప్పటిదాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న జయపురం గీతకి అవతలి వైపు పడింది. ఊరు పొరుగు రాష్ట్రానిదైనా వాల్తేరు కాలేజీకి రాజుగారి పేరు అలాగే ఉండిపోయింది. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ బాంబులు పడితే విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలింది. యుద్ధం అయ్యాక మళ్ళీ వాల్తేరు చేరింది. ఆ కష్టకాలమంతా బాధ్యత మోసింది రెడ్డిగారే. 1949 దాకా ఉన్నారు.

మా వీధిలో ఒక పెద్దాయన ఇంట్లో, దేవుడి గూటి పక్కన, అప్పటి గ్రూప్ ఫొటో ఒకటుంది. అంచులు పురుగు తినేసింది. ముందు వరసలో ప్రొఫెసర్లు కుర్చీల్లో, వెనక పంచె మీద కోటు తొడుక్కున్న కుర్రాళ్ళు, కింద ‘జె.వి.డి. కాలేజీ’ (జయపురం విక్రమదేవ్ కాలేజీ) అన్న అక్షరాలు. “జె అంటే మన జయపురమేరా” అని మనవడికి వేలు పెట్టి చూపిస్తుంటాడు ఆయన. సాలూరు ఘాటు దిగి చదువుకోడానికి వెళ్ళిన తన తండ్రి రెండో వరసలో ఎడమ నుంచి మూడోవాడు.

ఇప్పుడు ఆ కాలేజీని ఆంధ్ర విశ్వవిద్యాలయ సైన్స్ అండ్ టెక్నాలజీ కాలేజీ అనే పిలుస్తున్నారు. జయపురంలో 1947లో పెట్టిన విక్రమదేవ్ కాలేజీ మాత్రం 2023లో అదే రాజుగారి పేరుతో విశ్వవిద్యాలయమైంది.

వందేళ్ళ పేరు చెప్పి ఎక్కడ ఏ శిలాఫలకం వేసినా రాజుగారి పేరు వదలొద్దని మా ఊరివాళ్ళు అడుగుతున్నారు, న్యాయమే. నేను ఇంకొకటి కలుపుతాను. రెడ్డిగారి పేరు పక్కన 1926–30, 1936–49 అని రెండు ముక్కలుగా రాస్తారు. మధ్యలో ఆ ఆరేళ్ళ ఖాళీ ఎందుకొచ్చిందో కూడా ఒక్క వరస చెక్కించాలి.