పాత బేస్ గిటార్ బాగుచేత: ట్రస్ రాడ్ అపోహ, దాంతో పాటు ఇంకొన్ని

“తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయండీ. ట్రస్ రాడ్ బిగించాను, దిగలేదు. ఇంకాస్త బిగించాను, అప్పటికీ దిగలేదు. ఇంకోసారి తిప్పేసరికి లోపల టక్‌మంది.”

నా బల్ల మీదికి వచ్చే పాత బేస్ గిటార్లతో పాటు వచ్చే కథ ఎక్కువగా ఇదే. ట్రస్ రాడ్ అంటే గిటార్ మెడ లోపల పొడుగునా ఉండే ఉక్కు కడ్డీ. మనుషులు మారతారు, గిటార్లు మారతాయి, కథ మాత్రం మారదు. ‘టక్’ దగ్గరికొచ్చేసరికి అందరి గొంతూ తగ్గిపోతుంది.

వాళ్లను తప్పుపట్టాలనిపించదు. 20, 30 ఏళ్లు పెట్టెలో పడున్న వాయిద్యాన్ని సొంత చేతులతో మళ్లీ మోగించుకోవాలనుకోవడం మంచి కోరికే. నా విసుగల్లా “యాక్షన్ (తీగల ఎత్తు) ఎక్కువగా ఉంటే రాడ్ తిప్పెయ్” అని ఒకరు అంటే, ఎందుకో ఏమిటో అడగకుండా వందమంది ఆ మాటను మోసుకు తిరగడం మీదే. అందుకే దీని గురించి తీరిగ్గా చెప్తాను. మిగతావి గబగబా కానిస్తాను.

అపోహ: తీగల ఎత్తు తగ్గించడానికే ట్రస్ రాడ్ ఉంది

కాదు. ట్రస్ రాడ్ చూసుకునేది నెక్ వంపును, అంటే గిటార్ మెడ వంపును. తీగల ఎత్తు చూసుకునేవి బ్రిడ్జి (బాడీ మీద తీగలను పట్టి ఉంచే పలక) మీది శాడిల్స్, అంటే తీగలు ఆనే చిన్న దిమ్మెలు. ఒకటి కదిపితే రెండోదాని మీద కొంచెం ప్రభావం పడుతుంది కాబట్టి ఈ గందరగోళం పుట్టింది.

మామూలు మందం తీగలు నాలుగూ శ్రుతిలో ఉన్నప్పుడు ఒక్కొక్కటి సుమారు 18 నుంచి 20 కిలోల బలంతో లాగుతుంది. అంటే నెక్ చివర ఒక పెద్ద మనిషి వేలాడుతున్నట్టే. ఆ లాగుడుకి నెక్ తీగల వైపు విల్లులా వంగుతుంది. లోపలున్న ఉక్కు కడ్డీ దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. పాతవాటిలో చాలావరకు ఒకవైపే పనిచేసే రాడ్లు. బిగిస్తే నెక్ వెనక్కి వెళ్తుంది. వదులు చేస్తే రాడ్ దాన్ని ముందుకు నెట్టదు, తీగలే లాక్కుంటాయి. ఇంకో ముఖ్యమైన సంగతేంటంటే, రాడ్ బలం కనిపించేది నెక్ నడుమ భాగంలో. బాడీకి అతికి ఉన్న ఆఖరి ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు గీట్ల) దగ్గర అది చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

ఇప్పుడు తప్పు ఎలా ముదురుతుందో చూడండి. 12వ ఫ్రెట్ నుంచి కిందికి తీగలు ఎత్తుగా ఉన్నాయి. అసలు కారణం శాడిల్స్ పైకి లేచి ఉండటమో, నెక్ కూర్చున్న కోణం మారడమో. మనవాడు రాడ్ బిగిస్తాడు. నడుమ భాగం వెనక్కి వంగి ఎత్తు కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది గానీ, మొదటి నాలుగైదు ఫ్రెట్లలో తీగ గరగరమంటుంది. ఆ గరగర పోగొట్టడానికి శాడిల్స్ పైకి లేపుతాడు. మళ్లీ ఎత్తు. మళ్లీ రాడ్. రెండు మూడు రోజులు ఇలా గడిచాక మిగిలేది వెనక్కి వంగిన నెక్, మీదాకా లేచిన శాడిల్స్, చివరంటా బిగిసిపోయిన రాడ్. ఆ స్థితిలో ఇంకో పావు చుట్టు తిప్పితే ఏదో ఒకటి లొంగిపోవాల్సిందే. అది చెక్కైనా కావచ్చు, కడ్డీ అయినా కావచ్చు.

కాబట్టి ముందు కొలవండి. తీగలను శ్రుతి చేయండి, ఎందుకంటే తీగలు వదులుగా ఉన్నప్పుడు కొలిచిన వంపుకి అర్థం లేదు. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) పెట్టండి. కుడిచేత్తో ఒక తీగను ఆఖరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టండి. ఇప్పుడు ఆ తీగే మీకు స్కేలు బద్ద. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడండి. సుమారు 0.3 మిల్లీమీటర్లు, అంటే ఒక విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే నెక్ బాగానే ఉంది. రాడ్‌ని ముట్టుకోకండి. రెండు మూడు కార్డులు దూరుతుంటే రాడ్‌తో పని ఉంది. సందే లేకుండా తీగ ఫ్రెట్లన్నిటికీ ఆనుకుంటే, రాడ్ వదులు చేయాలి. చాలామంది ఈ కొలత తీసుకుంటే చాలు, రాడ్ తిప్పాల్సిన అవసరమే లేదని వాళ్లకే తెలిసిపోతుంది.

ఇక నిజంగానే తిప్పాల్సి వస్తే, అది దశాబ్దాలుగా కదలని మర అని గుర్తుపెట్టుకోండి. తుప్పు పట్టి ఉంటుంది. కొన్నిసార్లు ఫ్యాక్టరీలో పడిన పాలిషే దానికి గమ్‌లా అంటుకుని ఉంటుంది. ఫెండర్ కంపెనీ పాత ప్రెసిషన్, జాజ్ బేస్ మోడళ్లలో రాడ్ నట్టు బాడీ వైపు చివర ఉంటుంది. నెక్ స్క్రూలు వదులు చేసి నెక్ ఎత్తితేగానీ స్క్రూడ్రైవర్ సరిగ్గా అందదు. బద్ధకించి పక్కనుంచి పొడిస్తే నట్టు తల చెక్కుకుపోతుంది, పిక్‌గార్డ్ (బాడీ ముందువైపు పలక) అంచు పోతుంది. గిబ్సన్ బేస్‌లలో తల వైపు చిన్న మూత కింద ఉంటుంది, అది కొంచెం నయం.

నేను చేసే వరుస ఇది. ముందు తీగలు వదులు చేస్తాను. నట్టును బిగించే దిక్కుకి కాకుండా వదులయ్యే దిక్కుకి తిప్పి పూర్తిగా బయటికి తీస్తాను. రాకపోతే మర మీద ఒక్క చుక్క పలుచటి నూనె వేసి రాత్రంతా వదిలేస్తాను. ఒక్క చుక్కే, ఎందుకంటే చెక్క నూనె తాగుతుంది. బయటికి వచ్చాక మరను పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, నట్టు ఆనే చోట కాస్త మైనం రాస్తాను. తర్వాతే అసలు పని. నెక్‌ని మెత్తటి చెక్కముక్కల మీద పెట్టి, క్లాంపుతో మెల్లగా నేను కోరుకున్న తిన్నదనానికి తెస్తాను. అప్పుడు నట్టు బిగిస్తే వేళ్ల బలంతోనే చాలాదూరం వస్తుంది. వంచే పని క్లాంపుది, పట్టి ఉంచే పని రాడ్‌ది. తర్వాత తీగలు ఎక్కించి, శ్రుతి చేసి, ఒక రోజు వదిలేసి మళ్లీ కొలుస్తాను. ఇంకా కావాలంటే పావు చుట్టు, మళ్లీ ఒక రోజు.

ఇదంతా నాకు ఎలా తెలిసిందంటే, మొదట్లో నేనూ ఒకటి విరిచాను. నట్టు కదలకపోతే పొడుగు పిడి రెంచ్ తెచ్చి మరీ తిప్పాను. ఆ మూర్ఖత్వం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని చూస్తే, తెగిన చోట మూడొంతులు నల్లటి తుప్పు, అంచున గోరంత మేర మాత్రమే తళతళలాడే కొత్త లోహం. అంటే నేను ముట్టుకోక ముందే అది చాలావరకు తెగి ఉంది, ఆ గోరంత మీదే ఇన్నాళ్లూ నిలబడింది. నట్టు తిరగనంటున్నప్పుడు అది చెప్తున్నది అదే, నేనే వినలేదు. ఫ్రెట్‌బోర్డ్‌ని వేడిచేసి ఊడదీసి కొత్త రాడ్ వేసేసరికి నెలన్నర పట్టింది.

మరి నెక్ వంపు సరిగ్గానే ఉండి, శాడిల్స్ పూర్తిగా దించినా తీగలు ఎత్తుగానే ఉంటే? అప్పుడు నెక్ కోణం చూడాలి. నెక్ విప్పి, అది కూర్చునే గుంటలో బాడీ మధ్యభాగం వైపు అంచున సన్నటి అట్టముక్క వేస్తే శాడిల్స్‌కి మళ్లీ దిగే చోటు దొరుకుతుంది. గుంటలో ముందే ఏదైనా కాగితం, అట్ట కనిపిస్తే చెత్త అనుకుని పారేయకండి. చాలాసార్లు అది ఫ్యాక్టరీలోనే వేసి ఉంటుంది.

అపోహ: తళతళలాడిస్తే విలువ పెరుగుతుంది

ఇది డబ్బుకి చేటు. పాత వాయిద్యాల వ్యాపారంలో అందరూ వాడే మోటు లెక్క ఒకటుంది: అసలు పెయింటు గీకి కొత్తది వేస్తే విలువ దాదాపు సగానికి పడిపోతుంది. ఎంత అందంగా వేసినా సరే. పగుళ్లు, పెచ్చులు, చెయ్యి ఆనినచోట అరిగిన చెక్క, అవన్నీ దాని వయసుకి సాక్ష్యాలు.

ఒక కుర్రాడు ఇసుక కాగితంతో చెక్క తేలేదాకా రుద్దిన బేస్ పట్టుకొచ్చాడు. మూడు వారాలు కష్టపడ్డాడట, చాలా సంతోషంగా ఉన్నాడు. “ఇది ఏ సంవత్సరానిదో చెప్పగలరా?” అని అడిగాడు. వెనక ప్లేట్ విప్పి చూస్తే లోపల కొత్త పాట్లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగాలు). పాతవి ఏవీ అంటే, గరగరమంటున్నాయని పారేశాడట. పాత పాట్ల వీపు మీద అంకెలుంటాయి. 1376633 అని ఉంటే 137 అంటే తయారుచేసిన కంపెనీ సీటీఎస్, 66 అంటే 1966, 33 అంటే ఆ ఏడాది 33వ వారం. పాట్ ఆ వారంలో తయారైంది కాబట్టి గిటార్ ఆ తర్వాతే పుట్టింది అని కనీసం అంతవరకు చెప్పొచ్చు. ఆ అంకెలు చెత్తబుట్టలోకి పోయాయి. అతని ముఖం చూసి నేను ఇంకేమీ అనలేదు. తీసిన ప్రతి స్క్రూనీ, ప్రతి పాట్‌నీ ఒక సంచిలో వేసి గిటార్‌తోనే ఉంచండి.

జిడ్డు పోవడానికి కొంచెం తడిపి పిండిన మెత్తటి గుడ్డ చాలు. మొండి జిడ్డయితే నాఫ్తా (పెట్రోలియం ద్రావకం), కిటికీలు తెరిచి, మంటకి దూరంగా, ముందు కనపడని చోట పరీక్షించి. అసిటోన్ జోలికి మాత్రం వెళ్లకండి. పాత గిటార్ల మీద ఉండే నైట్రోసెల్యులోజ్ లక్కర్ పూతని అది కరిగించేస్తుంది. కొన్ని గిటార్ స్టాండ్ల రబ్బరు కూడా ఆ లక్కర్‌ని తినేస్తుంది, మధ్యలో నూలు గుడ్డ వేయండి.

అపోహ: పాట్ గరగరమంటే డబ్ల్యూడీ-40 కొట్టాలి

అది తుప్పు పట్టిన మరలకి. పాట్‌లో జిడ్డు మిగిల్చి దుమ్ముని పట్టి ఉంచుతుంది. ఎలక్ట్రానిక్స్ కాంటాక్ట్ క్లీనర్ లోపల పడేలా ఒక్కసారి కొట్టి, నాబ్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి ముప్పై నలభై సార్లు తిప్పండి. పదింట ఎనిమిది అక్కడితో బాగైపోతాయి.

అపోహ: పాత పికప్‌ల అయస్కాంతం చచ్చిపోతుంది, మార్చాల్సిందే

పికప్ అంటే తీగల కింద ఉండి వాటి కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంతం, కాయిల్. అందులోని ఆల్నికో (ఒక మిశ్రమ లోహం) అయస్కాంతం తనంతట తాను అంత తేలిగ్గా బలం కోల్పోదు. శబ్దం రావట్లేదంటే చాలాసార్లు తెగింది వైరు. కాయిల్‌లో చుట్టిన రాగి తీగ వెంట్రుకంత సన్నం, ఆ చివరలు చెమటకి తుప్పు పట్టి తెగుతాయి. మల్టీమీటర్‌ని 20కే ఓమ్‌ల మీద పెట్టి పికప్ వైర్ల మధ్య చూడండి. ప్రెసిషన్ బేస్ పికప్ సుమారు 10, 11 కిలో ఓమ్‌లు చూపిస్తుంది, జాజ్ బేస్‌వి ఒక్కొక్కటి 7, 8. ఏమీ చూపించకపోతే తెగింది. 1957 నుంచి వచ్చిన ప్రెసిషన్ పికప్‌లో రెండు ముక్కలు ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. ఒకటి తెగితే నాలుగు తీగలూ మూగపోతాయి, కాబట్టి విడివిడిగా కొలవండి. తెగిన ముక్కను మళ్లీ చుట్టించుకోవచ్చు, రెండో దాన్ని కదపనక్కర్లేదు. పికప్ దగ్గర స్టీల్ ఊల్ మాత్రం వాడకండి. ఆ పొడి అయస్కాంతానికి అతుక్కుంటే ఇక తీయలేరు.

అపోహ: తీగ ముట్టుకుంటే హమ్ ఆగుతోంది, అంటే షాక్ కొడుతుంది

ఇది భయపడేవాళ్లు అడిగేది, భయం సహజమే. ముట్టుకుంటే హమ్ (స్పీకర్‌లో వచ్చే గుయ్‌మనే శబ్దం) తగ్గడం మామూలు విషయం. బ్రిడ్జి కిందినుంచి గ్రౌండ్ వైరు సరిగ్గా ఉందని అర్థం. ముట్టుకుంటే పెరిగిందంటే వైరింగ్ ఎక్కడో తప్పింది లేదా ఆ వైరు ఊడింది. వేళ్లకి చిన్నగా జిల్లుమని తగిలితే మాత్రం వెంటనే ప్లగ్ తీసేయండి. ఆ తప్పు గిటార్‌ది కాదు, ఆంప్‌ది (యాంప్లిఫయర్‌ది) లేదా గోడ ప్లగ్ ఎర్తింగ్‌ది, ఎలక్ట్రీషియన్ చూడాల్సిందే.

తీగలు పాతవైతే వెంటనే పారేయాలన్నది కూడా పూర్తిగా నిజం కాదు. గుండ్రటి తీగ చుట్టిన రౌండ్‌వౌండ్‌లు మసకబారతాయి, మార్చుకోండి. చదును తీగ చుట్టిన ఫ్లాట్‌వౌండ్‌లైతే పాతబడ్డకొద్దీ వచ్చే ఆ దుబ్బుమనే స్వరమే చాలామందికి కావాలి. అమెరికాలోని మోటౌన్ కంపెనీ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జామర్సన్ తన 1962 ప్రెసిషన్ మీద ఫ్లాట్‌వౌండ్‌లను తెగితేనే మార్చేవాడని పేరు.

ఇంతకీ ఆ ‘టక్’. విన్న ప్రతివాళ్లూ రాడ్ విరిగిపోయిందనే అనుకుంటారు. సగం సార్లకి పైగా అది తుప్పో పాలిషో పట్టి ఉన్న నట్టు ఒక్కసారిగా వదులైన శబ్దమే. తేల్చుకోవడం తేలిక. తీగలు వదులు చేసి, నట్టును వెనక్కి ఒక చుట్టు తిప్పండి. మళ్లీ మెల్లగా ముందుకి తిప్పండి. కొంతదూరం వేళ్లతో తిరిగి, తర్వాత ఎక్కడో ఒకచోట పట్టు తగిలి బరువెక్కితే రాడ్ క్షేమం. ఎంత తిప్పినా పట్టు లేకుండా గిర్రున తిరుగుతూనే ఉంటే, లేదా నట్టుతో పాటు కడ్డీ ముక్క బయటికి వస్తే, అప్పుడు విరిగినట్టు. ఆ పట్టు తగిలిన చోటే ఆపేసి, తీగలు శ్రుతి చేసి, విజిటింగ్ కార్డు తీసుకోండి.