ట్రాక్ సైక్లింగ్‌లో కృత్రిమ కాలు: అపోహలు - వాస్తవాలు

నాది మోకాలి కింద తీసేసిన కాలు. ట్రాక్ మీద సి4 తరగతిలో (వైకల్యం తీవ్రతను బట్టి పెట్టిన తరగతుల్లో ఒకటి) పోటీ పడతాను. నన్ను చూసి ‘పాపం’ అనేవాళ్లున్నారు, ‘కార్బన్ కాలు కదా, మీకేం’ అనేవాళ్లూ ఉన్నారు. అసలు సంగతంతా సాకెట్ దగ్గరుంది, అంటే కృత్రిమ కాలికి పైన ఉండే గిన్నెలాంటి భాగం దగ్గర. మిగిలిన కాలిని మేం స్టంప్ అంటాం. అది సాకెట్‌లో ఎలా కూర్చుందన్న దాన్ని బట్టే ఆ రోజు ట్రైనింగ్ నడుస్తుంది.

అపోహ: నడిచే కాలితోనే రేసు కూడా తొక్కేస్తారు.

రేసు కాలు వేరు. దానికి పాదం ఉండదు, బూటూ ఉండదు. చివర్లో క్లీట్‌ను (పెడల్‌కి తగులుకునే బిళ్లను) నేరుగా బిగిస్తారు, అది పెడల్‌లో పట్టుకుంటుంది. చీలమండే లేనప్పుడు పాదం వల్ల బరువు, గాలి అడ్డు తప్ప లాభం లేదు. సాకెట్ వెనక అంచును కూడా కిందికి కోయించుకుంటాం. లేకపోతే మోకాలు మడిచిన ప్రతిసారీ వెనక గుచ్చుకుంటుంది. ఆ వైపు పొట్టి క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) వేసుకునేవాళ్లూ ఉన్నారు, మోకాలు అంతగా మడవక్కర్లేదని.

అపోహ: కార్బన్ కాలు స్ప్రింగులా ముందుకు తోస్తుంది.

పరుగు పందేల బ్లేడు వంగి లేస్తుంది. సైకిల్ కాలు వంగకూడదు, వంగితే తొక్కిన బలం అక్కడే పోతుంది. పైగా పిక్క కండరం పని కూడా తొడ, పిరుదుల మీదే పడుతుంది. బ్రిటన్ రైడర్ జోడీ కండీకి మూడేళ్ల వయసులో పాదం తీసేశారు. ఈతలో పారాలింపిక్ స్వర్ణాలు గెలిచాక 2006లో సైకిల్‌కి మారాడు. 2008 బీజింగ్‌లో, 2016 రియోలో కిలోమీటరు టైమ్ ట్రయల్ (ఒంటరిగా గడియారంతో పోటీ పడే రేసు) స్వర్ణం అతనిదే. టోక్యో పారాలింపిక్స్‌లో అదే రేసులో అతన్ని దాటి స్వర్ణం అందుకున్న స్పెయిన్ రైడర్ అల్ఫోన్సో కబెయోకి రెండు కాళ్లూ ఉన్నాయి. లేనిది ఎడమ ముంచేయి. కార్బన్ కాలే గెలిపిస్తుందనేవాళ్లు ఆ ఫలితం చూడాలి.

అపోహ: బ్రేకుల్లేని సైకిల్ మీద కృత్రిమ కాలు ప్రమాదం.

ట్రాక్ సైకిల్‌కి ఎవరికీ బ్రేకులుండవు. ఫిక్స్‌డ్ గేర్ కాబట్టి చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. 250 మీటర్ల చెక్క ట్రాక్‌లో మలుపుల వాలు నలభై డిగ్రీలు దాటుతుంది. అక్కడ మరీ నెమ్మదిస్తే టైరు కిందికి జారిపోతుంది. మాకున్న అసలు చిక్కు వేరే. నిమిషానికి 120 చుట్లు తిరుగుతుంటే, కాలు పైకి లేచిన ప్రతిసారీ సాకెట్ ఊడి రావాలని చూస్తుంది. సాకెట్‌ను పట్టి ఉంచేది పిన్ లాక్ (మేకులాంటి తాళం) అయినా, వాక్యూమ్ (గాలి లాగేసి పట్టు బిగించడం) అయినా గట్టిగా పట్టి ఉండాలి. ట్రాక్ ఎక్కే ముందు టైర్ల కంటే ముందు నేను చూసుకునేది దాన్నే.

అపోహ: నొప్పి ఓర్చుకున్నవాడే గెలుస్తాడు.

మాకు ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. తొడల్లో మంట వేరు, స్టంప్ మీద నొప్పి వేరు. మొదటిది ఓర్చుకోవాలి, రెండోది వస్తే ఆగిపోవాలి. స్టంప్‌కి తొడిగే సిలికాన్ లైనర్ (మేజోడు లాంటి తొడుగు) లోపల చెమటకు బయటికి దారి ఉండదు. హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో చూస్తుండగానే లోపల తడి చేరి కాలు జారడం మొదలవుతుంది. రాపిడి, ఎర్రదనం, బొబ్బ, పుండు, ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. స్టంప్ సైజు కూడా రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున బిగుతుగా ఉన్న సాకెట్ సాయంత్రానికి వదులవుతుంది, అప్పుడు ఇంకో సాక్స్ పొర వేసుకోవాలి.

పుండు పడితే సైకిల్ ఒక్కటే ఆగదు, నడక కూడా ఆగుతుంది. ఆఫీసుకి చంక కర్రలతో వెళ్లాలి. అందుకే ‘పంటి బిగువున లాగు’ అనే కోచ్ మాట ఈ ఒక్క విషయంలో నేను వినను. సెట్‌కీ సెట్‌కీ మధ్య కాలు విప్పి, తుడుచుకుని, చర్మం చూసుకోవడం కూడా ట్రైనింగే. ఎర్రదనం పావుగంటలో తగ్గకపోతే ఆ రోజుకి సైకిల్ చాలు. జిమ్‌లో నడుముకీ పిరుదులకీ చేయాల్సిన పని ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

అపోహ: మోకాలి పైన కాలు పోతే ట్రాక్ కుదరదు.

ఆస్ట్రేలియా రైడర్ డారెన్ హిక్స్ ఒంటి కాలితోనే తొక్కుతాడు. టోక్యోలో సి2 పర్స్యూట్ (ట్రాక్ మీద ఇద్దరు ఎదురెదురు వైపుల నుంచి బయల్దేరే రేసు) రజతం, రోడ్డు టైమ్ ట్రయల్ స్వర్ణం అతనివి. మన దగ్గర మోకాలి పైన కాలు కోల్పోయిన ఆదిత్య మెహతా 2013లో ఢిల్లీలో జరిగిన ఆసియా పారా సైక్లింగ్‌లో రెండు రజతాలు గెలిచారు. నంద్యాల కుర్రాడు అర్షద్ షేక్ 2024 పారిస్ పారాలింపిక్స్‌లో సి2లో ట్రాక్ మీదా, రోడ్డు మీదా పోటీ పడ్డాడు. పారాలింపిక్ సైక్లింగ్‌లో అతనూ, మహారాష్ట్ర అమ్మాయి జ్యోతి గడేరియా మన దేశం తరఫున మొదటివాళ్లు.

అపోహ: పారా పోటీల్లో అందరికీ ఏదో ఒక పతకం వస్తుంది.

రాదు. సి1 నుంచి సి5 దాకా తరగతులున్నాయి, అంకె తగ్గేకొద్దీ వైకల్యం ఎక్కువ. కొన్ని రేసుల్లో రెండు మూడు తరగతులు కలిపి, తరగతిని బట్టి టైమ్ సర్దుతారు. అప్పుడు మనకంటే ఆలస్యంగా గీత దాటినవాడు కూడా మనకంటే పైన ఉండొచ్చు.

కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఖరీదైన కార్బన్ ఫ్రేమ్ సంగతి తర్వాత చూసుకోండి. ముందు మీ సాకెట్ చేసేవాళ్లను సైకిల్ దగ్గరికి పిలిచి, మీరు తొక్కుతుండగా చూడమనండి. కుర్చీలో కూర్చోబెట్టి తీసిన కొలత నడకకి సరిపోవచ్చు, పెడల్‌కి చాలదు.