ఊదారంగు చొక్కా ఎందుకంటే

చిరంజీవి అనన్యకు, నీ స్నేహితులకు తాతయ్య ఆశీస్సులు.

మీ స్కూలు బస్సు నడిపే ఆయన ప్రతి శుక్రవారం ఊదారంగు చొక్కా వేసుకుని వస్తారనీ, ఆ చొక్కా తాలూకు జట్టు ఫైనల్లో 65-7తో చిత్తుగా ఓడిందని ఎవరో చెప్పారనీ అన్నావు. "అలాంటి జట్టు చొక్కా ఎవరైనా వేసుకుంటారా తాతయ్యా?" అని అడిగావు. ఇది ఫోనులో తేలే సంగతి కాదు.

అది మీ ఫోర్ట్‌వర్త్‌లోనే ఉన్న టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. అందరూ టీసీయూ అంటారు. ఆ సీజన్ జరిగిన 2022లో నేను మీ దగ్గరే ఉన్నాను. నువ్వప్పటికి అక్షరాలు దిద్దుతున్నావు. మీ నాన్న టీవీ ముందు కూర్చోబెట్టి నియమాలన్నీ చెప్పాడు గానీ, మా ఊరి రథం గుర్తొచ్చాకే ఆ ఆట నాకు అర్థమైంది.

రథం ఆగకుండా సాగిపోదు. అందరూ గోవిందా అని ఒక్క ఊపున లాగితే నాలుగు గజాలు కదిలి ఆగుతుంది. చక్రం కింద చెక్కదిమ్మ వేస్తారు. ఊపిరి పీల్చుకుని, తాడు సర్దుకుని, మళ్లీ లాగుతారు. ఇప్పుడు రథానికి అవతల పక్క వీధివాళ్లు పదకొండుమంది నిలబడి వెనక్కి తోస్తున్నారనుకో. నాలుగు ఊపుల్లో పది గజాలు నడిపితే మళ్లీ నాలుగు ఊపులు దక్కుతాయి. నడపలేకపోతే తాడు వాళ్లకిచ్చేయాలి. వాళ్లు ఇటు లాగడం మొదలుపెడతారు. వీధి పొడవు వంద గజాలు. చివరిదాకా చేరిస్తే ఆరు పాయింట్లు. చేరువగా వచ్చి ఆగిపోతే బంతిని రెండు స్తంభాల మధ్య నుంచి తన్ని మూడు పాయింట్లు తెచ్చుకోవచ్చు. స్వామివారిని తన్నకూడదు కాబట్టి పోలిక ఇక్కడ కాస్త తెగుతుంది, క్షమించాలి.

మా చిన్నతనంలో పిల్లలకు తాడు కొస ఇచ్చేవారు. మేము లాగుతున్నామో, తాడే మమ్మల్ని లాక్కుపోతోందో తెలిసేది కాదు. కందిన అరచేతులు అమ్మకు చూపించి గొప్పలు పోయేవాళ్లం. కానీ నా చూపంతా దిమ్మ వేసే మనిషి మీదే ఉండేది. చక్రానికి జానెడు దూరంలో వంగి నడిచేవాడు. ఆయన కాస్త ఏమరితే రథం పల్లంలోకి దొర్లిపోతుంది. ఆయన మెడలో ఎవరైనా దండ వేయగా నేను చూడలేదు.

టీసీయూలో మాక్స్ డగ్గన్ అని ఒక కుర్రవాడు ఉండేవాడు. తాడు మొదట్లో నిలబడే మనిషి, అంటే క్వార్టర్‌బ్యాక్. 2020లో గుండెకు శస్త్రచికిత్స చేయించుకుని మళ్లీ ఆడాడు. 2021లో జట్టు అయిదు గెలిచి ఏడు ఓడింది. మరుసటి ఏడు సోనీ డైక్స్ అనే కొత్త కోచ్ వచ్చి, డగ్గన్ చోటు వేరే అబ్బాయికి ఇచ్చాడు. అక్కడ అలిగి మరో కళాశాలకు వెళ్లిపోవడం తేలికే. డగ్గన్ వెళ్లలేదు, దిమ్మ దగ్గర నిలబడ్డాడు. మొదటి ఆటలోనే ఆ అబ్బాయికి మోకాలి దెబ్బ తగలడంతో తాడు మళ్లీ డగ్గన్ చేతికి వచ్చింది. ముందు బెంచీ పోయిందని మూతి ముడుచుకునే పిల్లలు ఈ ముక్క రెండుసార్లు చదవాలి. నిన్ను అనడం లేదులే.

పది జట్ల లీగులో ఏడో స్థానం వస్తుందని అందరూ అంచనా వేసిన జట్టు వరుసగా పన్నెండు ఆటలు గెలిచింది. హాయిగా గెలిచిందనుకునేవు! ఓక్లహోమా స్టేట్ మీద 24-7తో వెనకబడి, అదనపు సమయం రెండుసార్లు ఆడి 43-40తో గట్టెక్కింది. తర్వాతి వారం కాన్సస్ స్టేట్ మీద 28-10తో వెనకబడి 38-28తో గెలిచింది. వేకో అనే ఊళ్లో బేలర్‌తో ఆడినప్పుడైతే నేను సోఫాలోంచి లేచి నిలబడ్డాను. గడియారం ఆగడం లేదు, ఆపే అవకాశాలన్నీ అయిపోయాయి. తన్నేవాళ్ల బృందం పరుగున మైదానంలోకి వచ్చి, వరసలో నిలబడి, 40 గజాల నుంచి తన్నింది. బంతి స్తంభాల మధ్య నుంచి దూరేసరికి సమయం సున్నా. 29-28.

లీగు ఫైనల్లో మళ్లీ కాన్సస్ స్టేటే ఎదురైంది. డగ్గన్ ఒక్కడే రథాన్ని మోసుకుపోతున్నాడా అన్నట్టు పరుగెత్తి స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో మాత్రం రథం గుమ్మం ముందు గజం దూరంలో కూరుకుపోయింది. ఎంత లాగినా కదల్లేదు. 31-28తో ఓడారు. అయినా అప్పట్లో దేశం మొత్తానికి నాలుగే జట్లు ఆడే పోటీలో చోటు దక్కింది. టెక్సస్ నుంచి ఆ పోటీకి వెళ్లిన మొదటి జట్టు ఇదే. అక్కడ అప్పటిదాకా ఓటమి ఎరగని మిషిగన్‌ను 51-45తో ఓడించింది. ఇక 2023 జనవరి 9న ఫైనల్లో జార్జియా యూనివర్సిటీతో ఆడినది నీకు తెలిసిందే. వాళ్లు అన్ని విధాలా బలవంతులు. దానికి సాకులు లేవు.

ఆ చొక్కా వేసుకుంటే బస్సు నడిపే ఆయనకు వీటిలో ఏది గుర్తొస్తుందో నేను చెప్పలేను. వేకోలో బంతి తన్నినప్పుడు మీరెక్కడున్నారండీ అని ఆయననే అడుగు. ఆ రోజు బస్సు ఆలస్యమైతే నా పూచీ లేదు.

చొక్కా మీద ఉన్న జంతువును కూడా గమనించు. కొమ్ముల కప్ప అంటారు గానీ బల్లి జాతిది. ఎర్రచీమలు దాని భోజనం. కుక్కో నక్కో మీదికి వస్తే కళ్లలోంచి రక్తం చిమ్ముతుంది! ఎలాగని అడగకు, నాకు చెప్పడం కంటే ఆశ్చర్యపోవడమే బాగుంది. ఒకప్పుడు టెక్సస్ పెరళ్లలో తిరిగేదట, ఇప్పుడు అరుదు. ఫోర్ట్‌వర్త్ జూలో వీటిని పెంచి అడవిలో వదులుతారు. ఈ ఆదివారం నాన్నను తీసుకెళ్లమను. మేత వేసే సమయానికి వెళ్లగలిగితే, చీమను అందుకునేటప్పుడు దాని నాలుక నీ కంటికి ఆనుతుందో లేదో చూసి నాకు రాయి. అద్దం మాత్రం తట్టకండి.

మీ తాతయ్య